కొత్త ల్యాప్‌టాప్ నిండా ప్రకటనలే: ఫార్మాట్ చేయించే ముందు అవి ఎవరివో తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరులో మీ పాప బీటెక్ ఫస్టియర్ చదువు కోసం విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నారు. మొదటి రోజు నుంచే స్టార్ట్ మెనూలో మీరు వేయని యాప్‌లు కనిపిస్తున్నాయి. యాంటీవైరస్ ‘రెన్యూ చేయండి’ అంటూ వెంటపడుతోంది. ఈ మధ్య స్క్రీన్ కుడివైపు కింద ‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి’ అని ఎర్రటి బాక్సులు కూడా మొదలయ్యాయి. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టి ఫ్రెష్ విండోస్ వేస్తామన్నారు, తెలిసినవాళ్లెవరో విండోస్ బదులు లినక్స్ (ఉచితంగా దొరికే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసెయ్యమన్నారు. ఏది చెయ్యాలి?

సూటిగా చెప్తాను: ఇప్పటికిప్పుడు రెండూ వద్దు. మీరు చెప్పిన మూడు గోలలూ మూడు వేర్వేరు చోట్ల నుంచి వస్తున్నాయి. స్టార్ట్ మెనూలోవి మైక్రోసాఫ్ట్ పెట్టినవి. యాంటీవైరస్ ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ పెట్టింది. ఎర్ర బాక్సులు మాత్రం, నూటికి తొంభై పాళ్లు, బ్రౌజర్‌లో ఏదో వెబ్‌సైటుకు తెలియక ఇచ్చిన అనుమతి వల్ల వచ్చేవి. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. మూడూ ఇంట్లో కూర్చుని ఒక సాయంత్రంలో తీసేయగలిగినవే, పైసా ఖర్చు లేదు.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో చాలాకాలంగా కంప్యూటర్ సర్వీస్ చేస్తున్నాను. ‘యాడ్స్ వస్తున్నాయి’ అని ఎవరైనా మెషీన్ తెస్తే నేను మొదట అడిగేది ఒక్కటే: ఆ యాడ్ ఏ కిటికీలోంచి వచ్చింది? మన ఇంటి గోడ మీద పోస్టర్ అంటించినవాడు ఎవడో తెలియకుండా గోడంతా పగలగొట్టుకుంటామా? ఫార్మాట్ అంటే అదే.

ముందుగా ఎర్ర బాక్సుల సంగతి, ఎందుకంటే ప్రమాదం ఉన్నది అక్కడే.

మళ్లీ వచ్చినప్పుడు కంగారు పడి మూసెయ్యకుండా ఆ బాక్సు పైభాగాన్ని చూడండి. చిన్న అక్షరాల్లో ‘గూగుల్ క్రోమ్’ అనో ‘మైక్రోసాఫ్ట్ ఎడ్జ్’ అనో ఉంటుంది, దగ్గర్లోనే ఎప్పుడూ వినని వెబ్‌సైటు పేరు ఒకటి ఉంటుంది. అలా ఉంటే ఆ బాక్సు వచ్చేది వైరస్ వల్ల కాదు. పాప ఏ సిలబస్ పీడీఎఫ్ కోసమో, సినిమా కోసమో ఒక సైటుకు వెళ్లింది. ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి’ అంది ఆ సైటు. నొక్కింది. అంతే, ఆ సైటుకు నోటిఫికేషన్లు పంపే హక్కు వచ్చేసింది. ఇక బ్రౌజర్ మూసినా సరే, వెనకాల నడుస్తూ ఉంటే బాక్సులు వస్తూనే ఉంటాయి.

తీసెయ్యడం తేలిక. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అనుమతి ఉన్న సైట్ల పట్టిక కనిపిస్తుంది. తెలియని ప్రతి పేరునూ తీసెయ్యండి. తర్వాత పైనే ఉన్న ఆప్షన్‌లో ‘సైట్లు నోటిఫికేషన్ల కోసం అడగకూడదు’ అన్నది పెట్టేస్తే మళ్లీ ఈ బాధ ఉండదు. ఎడ్జ్‌లో కూడా సెట్టింగ్స్‌లో సైట్ పర్మిషన్స్ కింద ఇదే ఉంటుంది. పనిలో పనిగా ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్‌ల) పేజీ కూడా చూడండి. మీరు పెట్టుకోని ‘కూపన్’, ‘పీడీఎఫ్ కన్వర్టర్’, ‘సెర్చ్’ లాంటి పేర్లు ఉంటే తొలగించండి.

దీన్ని ప్రమాదం అన్నది ఎందుకంటే, ఆ బాక్సు నొక్కితే రెండు దారులు. ఒకటి, ఏదో యాంటీవైరస్ అమ్మే పేజీకి తీసుకెళ్తుంది, దాని వెనక ఎవరో కమీషన్ తినేవాడు ఉంటాడు. రెండోది మరీ దారుణం: స్క్రీన్ నిండా ‘మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి’ అని వచ్చి, స్పీకర్లోంచి గట్టిగా హెచ్చరిక వినిపిస్తుంది. పటమటలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు ఆ నంబరుకు ఫోన్ చేశారు. అవతలివాడు చక్కటి ఇంగ్లిష్‌లో మాట్లాడి, స్క్రీన్ చూసే యాప్ ఒకటి వేయించి, నెట్ బ్యాంకింగ్ తెరవమన్నాడు. అదృష్టం కొద్దీ అదే సమయానికి వాళ్లబ్బాయి ఇంటికి వచ్చి వైరు పీకేశాడు. అలాంటి పేజీ వస్తే ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోండి, లేదా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ముగించండి. డబ్బు పోయిందనుకుంటే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చెయ్యాలి, అది సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్. మీ పాపకు ఈ ఒక్క సంగతీ తప్పకుండా చెప్పండి.

ఇక యాంటీవైరస్. ల్యాప్‌టాప్ కంపెనీలకు ఒక్కో మెషీన్ మీద మిగిలేది తక్కువ. అందుకే యాంటీవైరస్ కంపెనీల దగ్గర డబ్బు తీసుకుని వాళ్ల ట్రయల్ వెర్షన్ లోపల పెట్టి పంపుతారు. ట్రయల్ 30 రోజులు కావచ్చు, ఏడాది కావచ్చు, మోడల్‌ను బట్టి. గడువు దగ్గరపడే కొద్దీ బెదిరింపులు పెరుగుతాయి. ఇది ఇవాళ్టి అలవాటు కాదు. 2008లో సోనీ తన వయో ల్యాప్‌టాప్‌లు కొన్నింటికి ‘ఫ్రెష్ స్టార్ట్’ అని ఒక ఆప్షన్ పెట్టి, ఈ చెత్తంతా లేకుండా ఇవ్వడానికి 49.99 డాలర్లు అదనంగా అడిగింది! జనం తిట్టిపోశాక ఆ రుసుము ఎత్తేసింది. చెత్త వేసినందుకు ఒకరి దగ్గరా, తీసినందుకు మన దగ్గరా డబ్బు తీసుకోవచ్చని వాళ్లకు తట్టిందంటే చూడండి.

ఆ యాంటీవైరస్ తీసేస్తే రక్షణ పోతుందేమోనని భయపడకండి. విండోస్‌లోనే డిఫెండర్ ఉంది. వేరే యాంటీవైరస్ ఉన్నంతసేపూ అది పక్కకు తప్పుకుని కూర్చుంటుంది, దాన్ని తీసి రీస్టార్ట్ చేయగానే తనంతట తానే పని మొదలుపెడుతుంది. చదువుకునే పిల్లల మెషీన్‌కు అది చాలు. సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ కొట్టండి, రీస్టార్ట్ చెయ్యండి, ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’ దగ్గర పచ్చ టిక్కు ఉందో లేదో చూడండి. కొన్నిసార్లు మొండికేస్తుంది. మెకాఫీ అయితే దాన్ని పూర్తిగా తీసెయ్యడానికి ఆ కంపెనీదే ఎంసీపీఆర్ అని ఒక టూల్ ఉంది. దాన్ని మెకాఫీ సొంత సైటులోంచే తీసుకోండి. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ‘స్పాన్సర్డ్’ లింకుల జోలికి పోవద్దు.

ట్రయల్ మొదలుపెట్టేటప్పుడు కార్డు నంబరు ఇచ్చారా? ఇచ్చి ఉంటే అది ఆటో-రెన్యూవల్. సాఫ్ట్‌వేర్ తీసేసినంత మాత్రాన ఆగదు. ఆ కంపెనీ అకౌంట్‌లో ఆపాలి, లేదా మీ బ్యాంకు యాప్‌లో ఈ-మ్యాండేట్ (దానంతట అదే డబ్బు కట్ అవ్వడానికి ఇచ్చిన అనుమతి) రద్దు చెయ్యాలి. ఇలాంటి డెబిట్ జరిగే ముందు కనీసం 24 గంటల ముందుగా మీకు మెసేజ్ పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, కాబట్టి బ్యాంకు మెసేజ్‌లు చూడకుండా తోసెయ్యకండి.

ఆ ఇన్‌స్టాల్డ్ యాప్స్ పట్టికలోనే ఇంకా ఏవేవో ఉంటాయి: ట్రయల్ ఆటలు, క్లౌడ్ స్టోరేజీ ఆఫర్లు, షాపింగ్ షార్ట్‌కట్లు, వీపీఎన్ ట్రయల్. తీసెయ్యండి. కానీ అన్నీ ఊడ్చెయ్యకండి. కంపెనీ పేరుతో ఉన్న కంట్రోల్ యాప్, అంటే లెనోవో వాంటేజ్, మై ఆసుస్ లాంటివి, ఉంచండి. బ్యాటరీని 80 శాతం దగ్గరే ఆపే ఆప్షన్, బయోస్ (విండోస్ కంటే ముందు మొదలయ్యే, మదర్‌బోర్డులో ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్లు వాటిలోంచే వస్తాయి. రియల్‌టెక్, ఇంటెల్, ఏఎండీ పేర్లతో ఉన్నవి డ్రైవర్లకు, అంటే లోపలి భాగాలను విండోస్‌తో కలిపే ప్రోగ్రామ్‌లకు, సంబంధించినవి. ‘హాట్‌కీ’ అన్న మాట ఉన్నది తీసేస్తే కీబోర్డు మీద వెలుతురు పెంచే బటన్ పని చేయదు. అప్పుడు మళ్లీ నా లాంటివాడి దగ్గరికి రావాలి.

మూడోది విండోస్ సొంత ప్రకటనలు. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో ప్రకటనలేంటన్న మీ కోపం న్యాయమే. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు అడగకుండానే క్యాండీ క్రష్ దిగింది. 2016లో లాక్ స్క్రీన్ మీద ఒక వీడియో గేమ్ ప్రకటన. 2017లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజీ) కొనమని పట్టీ. 2024 ఏప్రిల్ అప్‌డేట్‌తో విండోస్ 11 స్టార్ట్ మెనూలో ‘రికమెండెడ్’ కింద స్టోర్ యాప్‌ల ప్రచారం. ఆ సంవత్సరం చివర్లో, పాత విండోస్ 10 మెషీన్లలో స్క్రీన్ నిండా కొత్త పీసీ కొనమని పేజీలు. ఆపే స్విచ్ చాలావాటికి ఉంది. కాకపోతే మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది, అన్నీ ఒకచోట ఉండవు.

స్టార్ట్ మెనూలో కనిపించే స్పాటిఫై, లింక్డ్ఇన్ లాంటి బొమ్మల్లో చాలావరకు నిజంగా ఇన్‌స్టాల్ అయినవి కావు, నొక్కితేనే డౌన్‌లోడ్ అవుతాయి. కుడి క్లిక్ చేసి అన్‌పిన్ గానీ అన్‌ఇన్‌స్టాల్ గానీ కొడితే పోతాయి. మిగతా స్విచ్‌లకు నేను వెళ్లే వరుస ఇది, వెర్షన్‌ను బట్టి పేర్లు కాస్త మారొచ్చు:

సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, స్టార్ట్: ‘షో రికమెండేషన్స్’ అని మొదలయ్యే, టిప్స్, యాప్‌ల మాట ఉన్న స్విచ్ ఆఫ్. అక్కడే లాక్ స్క్రీన్: ‘విండోస్ స్పాట్‌లైట్’ బదులు ‘పిక్చర్’ పెట్టి, కింద ‘ఫన్ ఫ్యాక్ట్స్, టిప్స్’ టిక్కు తీసెయ్యండి. టాస్క్‌బార్‌లో విడ్జెట్స్ ఆఫ్. ఆ విడ్జెట్స్ బోర్డులో వచ్చే సినిమా తారల గాసిప్పు, ‘ఈ డాక్టర్ చెప్పిన చిట్కా’ వార్తలు పాప చదువుకు ఏ మాత్రం పనికిరావు. తర్వాత ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ‘జనరల్’, కొత్త వెర్షన్లలో ‘రికమెండేషన్స్ అండ్ ఆఫర్స్’: అడ్వర్టైజింగ్ ఐడీతో సహా అన్నీ ఆఫ్. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌లో బాగా కిందికి వెళ్తే ‘షో సింక్ ప్రొవైడర్ నోటిఫికేషన్స్’ అని ఉంటుంది. పేరు చూస్తే ప్రకటనల స్విచ్ అనిపించదు కానీ అదే.

అన్నిటికంటే ముఖ్యమైనది సిస్టమ్, నోటిఫికేషన్స్ పేజీలో అట్టడుగున ‘అడిషనల్ సెట్టింగ్స్’ కింద దాక్కుని ఉంటుంది. అక్కడ మూడు టిక్కులు ఉంటాయి, మూడూ తీసెయ్యండి. ఎందుకు ముఖ్యమంటే, కొన్నాళ్లు గడిచాక ఉన్నట్టుండి ‘మీ పీసీ సెటప్ పూర్తి చేద్దాం’ అని ఒక ఫుల్ స్క్రీన్ పేజీ వస్తుంది. అందులో ‘వద్దు’ అన్న బటన్ ఉండదు, ‘మూడు రోజుల తర్వాత గుర్తు చెయ్యి’ అని ఉంటుంది. అది రావడానికి కారణం ఈ టిక్కుల్లో ఒకటి.

దీని మీద ఒక కేసు చెప్పాలి. మీ ఊరి మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు. ఫిబ్రవరి, మార్చిల్లో అక్కడ ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. రైతులు బయట నిలబడి ఉన్నారు, గుమాస్తా ఉదయాన్నే కంప్యూటర్ తెరవగానే ఆ పేజీ వచ్చింది. పని అవ్వాలి కదా అని నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోయాడు. ఆ మూడు నాలుగు నొక్కుళ్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ కలిసింది, బ్రౌజర్ ఎడ్జ్‌కు మారింది, డెస్క్‌టాప్ మొత్తం వన్‌డ్రైవ్‌లోకి వెళ్లింది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. వాళ్ల పట్టీల స్కానింగులు, ఫోటోలతో రెండో రోజుకే నిండిపోయింది, ఇక ‘స్టోరేజీ నిండింది, కొనండి’ అని మోత. కొట్టు యజమాని వాళ్ల బంధువుల కుర్రాడు తెలివిగా వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ ఆపేశాడు. మరుక్షణం డెస్క్‌టాప్ ఖాళీ! సీజన్ లెక్కలన్నీ పోయాయని నాకు ఫోన్ చేసినప్పుడు వాళ్ల గొంతులో వణుకు వినాలి. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, సీ డ్రైవ్‌లో వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో, దాని లోపల ఇంకో ‘డెస్క్‌టాప్’ ఫోల్డర్‌లో ఉన్నాయి. ఫోన్లోనే చెప్పి వెనక్కి కాపీ చేయించాను.

కాబట్టి మీరు వన్‌డ్రైవ్ వద్దనుకుంటే దాన్ని నేరుగా అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. ముందు ‘సింక్ అండ్ బ్యాకప్’లో మేనేజ్ బ్యాకప్‌కు వెళ్లి ఒక్కో ఫోల్డర్ ఆపండి. కొత్త వెర్షన్లలో ఫైళ్లు ఈ పీసీలోనే ఉంచాలా అని అడుగుతుంది, అవును అనండి. ఫైళ్లన్నీ మామూలు డెస్క్‌టాప్‌లో ఉన్నాయని కళ్లతో చూశాకే అకౌంట్ అన్‌లింక్ చెయ్యండి. అయినా విద్యార్థికి బ్యాకప్ మంచిదే కదా అంటారా, మంచిదే. ప్రాజెక్టు రిపోర్టులు 5 జీబీలో హాయిగా సరిపోతాయి. తెలిసి పెట్టుకుంటే అది సదుపాయం, నేను కాదనను.

ఇంకో ముక్క. పెద్ద విండోస్ అప్‌డేట్ వచ్చాక ఈ స్విచ్‌లలో కొన్ని మళ్లీ ఆన్ అయి ఉండటం, కొత్తవి చేరడం నేను చూస్తూనే ఉన్నాను. ఏడాదికోసారి ఒక చూపు చూసుకోవాలి. ‘డీబ్లోట్ స్క్రిప్ట్’ అని, అక్కర్లేనివన్నీ ఒకేసారి తీసేసే చిన్న ప్రోగ్రామ్‌తో, యూట్యూబ్‌లో ఒక్క క్లిక్కు వైద్యం చూపిస్తారు. అవి నేను కూడా వాడతాను, కానీ లోపల ఏం తీసేస్తున్నాయో చదివి వాడతాను. స్టోర్‌ను పీకేసి, అప్‌డేట్లను ఆపేసి, ఆర్నెల్ల తర్వాత ప్రింటర్ ఎందుకు రావట్లేదని మెషీన్లు తెచ్చేవాళ్లు తక్కువేమీ లేరు. మీకు వద్దు. ఓ అండ్ ఓ షటప్10 అని ఒక ఉచిత టూల్ ఉంది, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. అందులో పచ్చ గుర్తు ఉన్నవి మాత్రమే పెట్టుకుని ఆగిపోతే ఏమీ చెడదు.

ఇప్పుడు షాపు వాళ్ల ఫార్మాట్ సంగతి. ఫార్మాట్ తప్పు కాదు, నేనూ చేస్తాను. కానీ మీరు నాలుగు ప్రశ్నలు అడగకుండా ఇవ్వొద్దు.

మొదటిది, ఏ విండోస్ వేస్తారు? మీరు కొన్న ల్యాప్‌టాప్‌కు విండోస్ లైసెన్స్ మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసి, అదే ఎడిషన్ వేస్తే, నెట్ కలవగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. కీ కొనక్కర్లేదు. కానీ కొన్ని షాపుల్లో అలవాటుగా పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఏదో ‘ప్రో’ కాపీ వేసి క్రాక్ కొట్టేస్తారు. అంటే చేతిలో ఉన్న అసలు లైసెన్స్ పక్కన పెట్టి దొంగది తెచ్చుకోవడం. పట్టుకోవడం తేలికే: సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్‌లో ‘డిజిటల్ లైసెన్స్’ అని ఉంటే సరే. ‘మీ ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వీస్’ అని ఉంటే, ఇంట్లో వాడే మెషీన్‌కు ఆ ఆర్గనైజేషన్ ఎవరండీ అని అడగండి. యాడ్స్ పోవాలని వెళ్లి క్రాక్‌తో పాటు ఇంకేవో తెచ్చుకున్నవాళ్లను చూశాను.

రెండోది, ఆఫీస్. కొత్త ల్యాప్‌టాప్‌తో వర్డ్, ఎక్సెల్ ఇచ్చి ఉంటే ముందు దాన్ని మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో యాక్టివేట్ చేసుకోండి. అది చేయకుండా డిస్క్ తుడిచేస్తే ఆ ఆఫర్‌ను వెనక్కి రప్పించడానికి కస్టమర్ కేర్ చుట్టూ తిరగాలి.

మూడోది, బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని ఫైళ్లకు తాళం వేసే విండోస్ ఏర్పాటు. ఇప్పటి విండోస్ 11 మెషీన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయి ఉండవచ్చు. బయోస్‌లో ఏదైనా మార్చితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఉంటుంది, ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

నాలుగోది డ్రైవర్లు. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ సెటప్‌కు ఎస్‌ఎస్‌డీయే (లోపలి డిస్కే) కనిపించదు, ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఇవ్వాలి. వైఫై కూడా మొదట రాకపోవచ్చు. అప్పుడు ‘డ్రైవర్ ప్యాక్’ అని నెట్‌లో దొరికే ఇన్‌స్టాలర్ వేస్తారు కొందరు, దాంతో పాటు రెండు బ్రౌజర్లు, ఒక క్లీనర్ ఉచితంగా దిగుతాయి. కథ మళ్లీ మొదటికి! డ్రైవర్లు ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ నుంచే రావాలి.

ఫ్రెష్‌గా వేసేటప్పుడు నేను చేసే చిన్న చిట్కా కూడా చెప్తాను. సెటప్ మొదట్లో టైమ్ అండ్ కరెన్సీ ఫార్మాట్ దగ్గర ‘ఇండియా’ బదులు ‘ఇంగ్లిష్ వరల్డ్’ ఎంచుకుంటే, ఏ దేశం ప్రచార యాప్‌లు దింపాలో విండోస్‌కు తెలియక ఏవీ దింపదు. మధ్యలో ఒక ఎర్రర్ పేజీ వస్తుంది, స్కిప్ కొట్టండి. అంతా అయ్యాక రీజియన్ ఇండియాకు మార్చేస్తే స్టోర్ మామూలుగా పని చేస్తుంది. ‘రీసెట్ దిస్ పీసీ’తో మాత్రం పూర్తి ఫలితం ఆశించకండి, కంపెనీ పెట్టిన యాప్‌లు దాంతో వెనక్కి వస్తాయి. కొన్ని మోడళ్లలో ‘ప్రీఇన్‌స్టాల్డ్ యాప్స్ రీస్టోర్ చెయ్యాలా’ అని అడుగుతుంది, అక్కడ నో అనాలి.

ఫార్మాట్ కొట్టినా వదలనివి కూడా ఉంటాయా అని అడిగితే, ఉంటాయి. విండోస్‌లో డబ్ల్యూపీబీటీ అనే ఒక ఏర్పాటు ఉంది, బయోస్‌లో దాచిన ప్రోగ్రామ్‌ను విండోస్ మొదలయ్యేటప్పుడే నడిపిస్తుంది. 2015లో లెనోవో తన కొన్ని మోడళ్లలో దీంతోనే తన సాఫ్ట్‌వేర్‌ను, శుభ్రంగా విండోస్ వేసిన తర్వాత కూడా, మళ్లీ దిగేలా చేసింది. గొడవయ్యాక బయోస్ అప్‌డేట్ ఇచ్చి తీసేసింది. ఇవాళ ఆసుస్ మదర్‌బోర్డులు కొన్నింటిలో ఆర్మరీ క్రేట్ అనే ఆ కంపెనీ యాప్ వేసుకోమని బాక్సు రావడం కూడా బయోస్ లోంచే, అక్కడే ఆపే ఆప్షన్ ఉంటుంది.

అదే లెనోవో మీద అదే ఏడాది ఫిబ్రవరిలో బయటపడిన సూపర్‌ఫిష్ వ్యవహారం ఇంకా పెద్దది. 2014 చివరి నుంచి అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో, మనం చూసే వెబ్ పేజీల్లో ప్రకటనలు దూర్చడానికి ఆ సాఫ్ట్‌వేర్ పెట్టారు. సురక్షిత పేజీల్లోకి కూడా దూరడం కోసం అది సొంత రూట్ సర్టిఫికెట్ (ఏ సైటు అసలైనదో బ్రౌజర్‌కు చెప్పే ముద్ర) వేసుకుంది, పైగా అన్ని మెషీన్లలోనూ ఒకటే తాళం చెవి. దాని పాస్‌వర్డును ఒక పరిశోధకుడు ఇట్టే బయటపెట్టేశాడు. అంటే ఒకే వైఫైలో ఉన్న ఎవడైనా మీ బ్యాంకు సైటులా నటించవచ్చు, బ్రౌజర్ అభ్యంతరం చెప్పదు. 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తోనూ, 32 రాష్ట్రాలతోనూ లెనోవో రాజీ చేసుకుని ఆ రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టింది. ఆ దెబ్బతో ఇలాంటి పచ్చి పనులు పెద్ద కంపెనీల్లో తగ్గాయి. మీ ల్యాప్‌టాప్‌లో ఇలాంటిది ఉంటుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. యాడ్ అంటే చికాకు మాత్రమే అనుకునేవాళ్ల కోసం చెప్తున్నాను.

మనం మన చేతులతో తెచ్చుకునేవి మాత్రం తగ్గలేదు. ఏలూరు రోడ్డు వైపు డీటీపీ చేసే కుర్రాళ్లకు అను ఫాంట్లు ఉచితంగా కావాలి. వెతుకుతారు, డౌన్‌లోడ్ బటన్లు నాలుగు కనిపిస్తాయి, అందులో మూడు ప్రకటనలు. పెద్దగా పచ్చగా ఉన్నది నొక్కితే ఫాంట్ బదులు ఒక ఇన్‌స్టాలర్ వస్తుంది, సెర్చ్ పేజీ మారిపోతుంది. పేరున్న చోట్లా జరిగింది ఇది. డౌన్‌లోడ్ డాట్ కామ్ 2011లో ఎన్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు తన సొంత ఇన్‌స్టాలర్ చుట్టి టూల్‌బార్లు అంటగట్టింది. సోర్స్‌ఫోర్జ్ అనే ఇంకో డౌన్‌లోడ్ సైటులోనూ అదే అలవాటు మొదలైతే 2013లో గింప్ (ఫోటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) వాళ్లు అక్కడి నుంచి వెళ్లిపోయారు. జావా వేసుకుంటే ఆస్క్ టూల్‌బార్ వచ్చిన రోజులు పాతవాళ్లకు గుర్తుండే ఉంటాయి. పాపకు చెప్పండి: ఏ సాఫ్ట్‌వేర్ అయినా తయారుచేసినవాళ్ల సైటు నుంచే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘కస్టమ్’ నొక్కి, ముందే పెట్టి ఉన్న టిక్కులు చదివి తీసేసి.

లినక్స్ గురించి. నాకు ఇష్టమే, నా సొంత మెషీన్‌లో ఉన్నది మింట్ అనే లినక్స్ రకమే. ప్రకటనల బెడద నుంచి నిజంగా విముక్తి అక్కడే ఉంది. అయితే ‘లినక్స్ అంటే యాడ్స్ ఉండవు’ అని గుడ్డిగా చెప్పేవాళ్లకు ఒకటి గుర్తుచేస్తాను. 2012లో ఉబుంటు అనే ఇంకో లినక్స్ రకం 12.10 వెర్షన్‌లో మన సొంత ఫైళ్ల కోసం వెతికితే అమెజాన్ సరుకులు చూపించారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని స్పైవేర్ (గూఢచారి సాఫ్ట్‌వేర్) అన్నాడు. 2016లో వచ్చిన 16.04లో గానీ అది మొదటి నుంచీ ఆఫ్‌లో ఉండేలా చేయలేదు. 2022లో టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) అప్‌డేట్ చేస్తుంటే ఉబుంటు ప్రో అనే వాళ్ల సేవ ప్రచారం వచ్చింది. తేడా ఏమిటంటే అక్కడ నచ్చకపోతే డెబియన్‌కో మింట్‌కో వెళ్లిపోవచ్చు, విండోస్‌లో ఆ తలుపు లేదు.

మీ పాప ఏ బ్రాంచో మీరు రాయలేదు. సీఎస్ఈ అయితే సీ, పైథాన్ లినక్స్‌లో ఇంకా బాగా సాగుతాయి. సివిల్, మెకానికల్ అయితే ఆటోక్యాడ్ లినక్స్‌లో లేదు, కాబట్టి విండోస్ తప్పదు. ఇంట్లో మీరే ట్యాలీయో, అను ఫాంట్లతో పేజ్‌మేకరో వాడుతుంటే ఆ మెషీన్లనూ కదపొద్దు. అమ్మాయికి ఆసక్తి ఉంటే విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ అనే ఏర్పాటు ఆన్ చేసుకుని ఉబుంటు నేర్చుకోమనండి, ఏదీ చెరపక్కర్లేదు. మ్యాక్ కొనాల్సిందేమో అన్నారు మీరు చివర్లో. అక్కడ ట్రయల్ చెత్త ఉండదు, నిజమే. ఐక్లౌడ్ స్టోరేజీ కొను, యాపిల్ మ్యూజిక్ తీసుకో అన్న పోరు మాత్రం ఉంటుంది. ఇది తప్పించుకోవడానికే అంత డబ్బు పెట్టడం అనవసరం అంటాను.

ఇలాంటివాటిని ఆపే చట్టం గురించి ఇంకొకరు కింద కామెంట్లలో అడిగారు. మన దేశంలో 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ (వాడేవాళ్లను తప్పుదారి పట్టించే డిజైన్లు) మీద కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. పదేపదే విసిగించడం, ప్రకటనను ప్రకటన అని తెలియకుండా చూపడం, వైరస్ ఉందని భయపెట్టి అమ్మడం అందులోని 13 రకాల్లో ఉన్నాయి. యాంటీవైరస్ వాళ్లు చెప్పకుండా డబ్బు లాగితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చెయ్యండి. యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ చట్టం వచ్చాక 2024 నుంచి విండోస్‌లో ఎడ్జ్‌ను కూడా అన్‌ఇన్‌స్టాల్ చేసుకునే వీలు ఇచ్చారు. అదే విండోస్, అదే కంపెనీ, మనకు ఆ బటన్ లేదు. అడిగే చట్టం ఉంటే ఇస్తారన్నమాట.

పైన చెప్పినవి చేశాక కూడా ఏదైనా వస్తుంటే, ఫార్మాట్‌కు ఇవ్వకుండా ముందు ఇక్కడ ఒక ఫోటో పెట్టండి. బాక్సు పైన రాసి ఉన్న పేరు కనిపించాలి. ల్యాప్‌టాప్ మోడల్, పాప బ్రాంచి, ఇన్‌స్టాల్డ్ యాప్స్ పట్టిక కూడా పెడితే ఏది తీయాలో, ఏది ఉంచాలో ఒక్కొక్కటిగా చెప్తాను. ఫోటోలో మీ ఈమెయిల్, సీరియల్ నంబరు కనిపించకుండా కత్తిరించండి.